పదో రోజుకి పుట్టింటి చీర నేనే తీసుకెళ్ళాలి, అక్క నాతో మాట్లాడదు. ఎలా వెళ్ళమంటారు?

గుంటూరు తమ్ముడు (ప్రశ్న):

మాది గుంటూరు. మిరప కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూస్తాను. మా అక్క విజయవాడ పటమటలో ఉంటుంది. బావకి ఆటోనగర్‌లో లారీలకు బాడీ కట్టే షెడ్డు ఉంది. మొన్న గుండెపోటుతో బావ పోయాడు. వచ్చే గురువారం పదో రోజు.

మా వైపు భర్త పోయిన ఆడపిల్లకి పదో రోజున పుట్టింటి వాళ్ళు చీర పెట్టాలి. నాన్న లేడు. అక్క తర్వాత నేనొక్కడినే. అంటే ఆ చీర నా చేతుల మీదుగానే వెళ్ళాలి.

అక్కకీ నాకూ 2017 నుంచి మాటల్లేవు. సంగతి చెప్తాను. తుళ్ళూరు మండలంలో నాన్న సొంతంగా కొన్న మెట్ట పొలం ఎకరం అరవై సెంట్లు ఉండేది. రాజధాని అమరావతి కోసం ప్రభుత్వం చేసిన భూసమీకరణకి 2015లో నాన్నే అంగీకార పత్రం ఇచ్చాడు. పొలానికి బదులుగా, మెట్టకి ఎకరానికి 1000 గజాల ఇళ్ళ స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, పైన పదేళ్ళ కౌలు. ప్లాట్లు నాన్న పేరు మీదే వచ్చాయి. వీలునామా లాంటిదేమీ రాయకుండానే 2017లో నాన్న పోయాడు. ఆ తర్వాత పెద్దమనుషుల్లో కూర్చున్నాం. అక్క సగం అడిగింది. "పెళ్ళికి కట్నం ఇచ్చాక ఇంకా వాటా ఏంటి?" అన్నాడు మా బాబాయి. "కట్నం లెక్క వేరు, ఆస్తి లెక్క వేరు" అంటూ బావ లేచాడు. మాటకి మాట పెరిగింది. అక్క చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది, మళ్ళీ మా ఇంటికి రాలేదు.

మా పాప ఓణీల ఫంక్షన్‌కి పిలిచాం, రాలేదు. వాళ్ళ అమ్మాయి పెళ్ళి శుభలేఖ మా ఇంటికే వచ్చింది, కవరు మీద అమ్మ పేరొక్కటే ఉంది. పెళ్ళికూతురిని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తేవాల్సిన మేనమామని నేను. ఎవరో వరసకి మామయ్యేవాళ్ళు తెచ్చారట. ఆ రోజు నేను డ్యూటీకి వెళ్ళి ఊరికే కుర్చీలో కూర్చున్నాను, ఒక్క లెక్కా చూడలేకపోయాను.

2019 చివర్లో రాజధాని పనులు ఆగాక ప్లాట్ల బేరాలు కూడా ఆగిపోయాయి. అన్నేళ్ళూ ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు. 2024 నుంచి మళ్ళీ పనులు మొదలయ్యాయి, రేట్లు కదిలాయి. ప్లాట్లు ఇప్పటికీ నాన్న పేరునే ఉన్నాయి. పేరు మార్చాలన్నా, అమ్మాలన్నా అక్క సంతకం కావాలి. నా బాధ ఇక్కడే. శ్మశానం దగ్గర బావ తమ్ముడు ఎవరితోనో అంటుంటే నా చెవిన పడింది: "రేట్లు పెరిగాయిగా, ఇక వస్తార్లే."

బావ నాకు పరాయివాడు కాదండీ. అక్క పెళ్ళయిన కొత్తలో వేసవి సెలవులన్నీ నేను వాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి. పొద్దున్నే స్కూటర్ ముందు నిలబెట్టుకుని షెడ్డుకి తీసుకెళ్ళేవాడు. లారీ క్యాబిన్ మీద నెమళ్ళు, పూలు వేసే పెయింటర్ పక్కన నన్ను కూర్చోబెట్టి, మధ్యాహ్నం అక్క పంపిన క్యారేజీలో పెద్ద ముద్ద నాకే పెట్టేవాడు. మాటల్లేని ఇన్నేళ్ళలోనూ బజార్లో ఎదురైతే తల ఊపేవాడు. అక్క అదీ లేదు.

పోయిన రోజు వెళ్ళాను. అమ్మని పట్టుకుని ఏడ్చింది. నన్ను చూసింది, ముఖం తిప్పుకుంది. పాడె ఒక పక్క పట్టుకున్నాను, ఎవరూ కాదనలేదు.

నేను వెళ్తాను, అందులో రెండో మాట లేదు. ఎలా వెళ్ళాలన్నదే తేలడం లేదు. ముందుగా వెళ్ళాలా, పదో రోజునే వెళ్ళాలా? బావ వాళ్ళ వైపు తెల్లచీరే తేవాలంటున్నారట. అమ్మేమో అక్కకి ఇష్టమని మంగళగిరి నేతచీర తీసుకుందామంటోంది. అందరి ముందూ అక్క ఆ చీర తీసుకోకపోతే నేనేం చెయ్యాలి? ఇలాంటిది చూసినవాళ్ళు చెప్పండి.

తెనాలి పిన్ని:

బాబూ, నేను మీ అక్క స్థానంలో కూర్చున్నదాన్ని. అందుకే రాస్తున్నాను.

ముందు ఒక మాట. పదో రోజున నలుగురి మధ్య చీర పట్టుకుని నిలబడితే ఆవిడ వద్దనలేదు. వద్దంటే చుట్టాలందరూ ఆవిడనే అంటారు. పెనిమిటి పోయిన మనిషికి ఆ ఇబ్బంది కూడా పెట్టకు. ఒక రోజు ముందో రెండు రోజుల ముందో, సాయంత్రం పూట, జనం పలచబడ్డాక వెళ్ళు. మీ అమ్మనీ మీ ఆవిడనీ తీసుకెళ్ళు. వెళ్ళి కూర్చో. ఆవిడ మాట్లాడకపోయినా ఫర్వాలేదు, కాసేపుండి రా. చీర మాత్రం ఆ రోజే పెట్టు.

ఇంకొకటి. చీర ఏ రంగు అని అడిగావు గానీ, ఆ రోజు మీ అక్కకి ఏం చెయ్యబోతున్నారో కనుక్కున్నావా? నన్ను తెల్లారకముందే లేపారు. తల నిండా పూలు పెట్టారు, చేతుల నిండా గాజులు వేశారు, ముఖానికి పసుపు రాసి రూపాయంత బొట్టు పెట్టారు. అన్నీ పెట్టింది తియ్యడానికే. గాజులు చితకగొట్టినప్పుడు మణికట్టు తెగింది. మెట్టెలు రాకపోతే సబ్బు రాసి లాగారు. మా అన్నయ్య వసారాలో ఉన్నాడు. పిరికివాడు కాదు, నేనంటే ప్రాణం. "ఆడవాళ్ళ వ్యవహారం" అని ఎవరో అంటే అక్కడే ఆగిపోయాడు. ఆ రోజు వాడు లోపలికి వచ్చి ఒక్క మాట అని ఉంటే ఆగేది. పుట్టింటి వాళ్ళ మాట చెల్లే రోజు అదొక్కటే. అది తెలిసి వెళ్ళు నాయనా.

రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి, మంగళగిరి:

భూమి సంగతి మీరు అడగలేదు. అయినా మీ మనసులో ముల్లు అదే కనుక చెప్తున్నాను.

2005 సవరణ, 2020లో సుప్రీంకోర్టు తీర్పు అని చాలామంది మీకు చెప్తారు. అవి తాతల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లల హక్కు గురించి. మీ నాన్నగారు సొంతంగా కొన్న ఆస్తి అయితే, వీలునామా లేకుండా పోయినప్పుడు ఎవరికెంత అన్నది 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోనే, ఎనిమిదో సెక్షన్‌లో ఉంది. భార్య, కొడుకు, కూతురు ముగ్గురికీ సమానం. పెళ్ళయిందా, కట్నం ఇచ్చారా అన్న ప్రశ్నే లేదు. కాబట్టి సగం అడిగిన మీ అక్కగారి లెక్కా, అసలేమీ లేదన్న మీ బాబాయిగారి లెక్కా రెండూ నిలవవు. మూడో వంతు మీ అమ్మగారిది. పెద్దమనుషులు ఆవిడని లెక్కలోకే తీసుకోలేదు, చూశారా!

మీ ఎకరం అరవైకి 1600 గజాల ఇళ్ళ స్థలం, 400 గజాల వాణిజ్య స్థలం. మూడు వాటాలంటే తలా 533 గజాల చిల్లర, 133 గజాల చిల్లర. నాన్నగారు పోయాక వచ్చిన కౌలు డబ్బుకీ ఇదే లెక్క. పంచుకునేటప్పుడు రిజిస్టర్డ్ భాగపరిష్కార దస్తావేజు రాసుకోండి. హక్కు వదులుకుంటున్నట్టు మీ అక్కగారితో కాగితం రాయించుకోమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. కట్టుకున్నవాడు పోయి మనిషి అదుపులో లేని రోజుల్లో పెట్టించే సంతకం చట్టం ముందు నిలిచినా మనుషుల మధ్య నిలవదు. సంవత్సరీకం అయ్యేదాకా మీ నోట ప్లాటు అన్న మాట రాకూడదు. ఆవిడ అడిగితే మాత్రం దాటెయ్యకండి. వాటా ఇంత అని ఒక్క ముక్కలో చెప్పండి.

పల్నాడు పెద్దాయన:

పిన్నిగారి బాధ అర్థమైంది. కానీ ఒక మాట. వియ్యాలవారి ఇంట్లో కర్మ జరుగుతుంటే పుట్టింటివాళ్ళు వెళ్ళి అది చెయ్యొద్దు ఇది చెయ్యొద్దు అంటే గొడవలవుతాయి. అసలే మాటల్లేని ఇల్లు. తమ్ముడు వెళ్ళి చీర పెట్టి, నాలుగు మెతుకులు తిని రావడమే మర్యాద. పద్ధతులు పెద్దలు చూసుకుంటారు.

బ్రాడీపేట టీచరమ్మ:

పెద్దాయన గారికి నమస్కారం. మీ మాటలో గొడవ వద్దన్న ముక్క వరకూ ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోలేను.

వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరులో. మన గుంటూరులోనే ఉన్నవ లక్ష్మీనారాయణ గారు, లక్ష్మీబాయమ్మ గారు 1922లో శారదా నికేతనం పెట్టి ఆడపిల్లలకి, దిక్కులేని స్త్రీలకి చదువు చెప్పించారు. ఆ ఊళ్ళోనే ఉంటూ ఇన్నేళ్ళ తర్వాత కూడా గాజులు పగలగొట్టే తంతుని పద్ధతి అని నేను అనలేను. మా వీధిలో ఈమధ్య రెండు మూడు ఇళ్ళలో ఇది మానేశారు. కర్మకాండలో లోటేమీ రాలేదు, పురోహితుడు కూడా అభ్యంతరం చెప్పలేదు. పిండాలకీ ధర్మోదకాలకీ ఈ తంతుతో పనిలేదు. ఇది పక్కన చేరిన ఆచారం.

తమ్ముడూ, నువ్వు వెళ్ళి ఉపన్యాసం ఇవ్వొద్దు. మీ అక్క ఏమనుకుంటోందో ముందు తెలుసుకో. కొందరు చేయించుకోకపోతేనే బాధపడతారు. ఆవిడ వద్దనుకుంటే, ఆ మాట ఆవిడ నోట రాలేదు కాబట్టి నీ నోట రావాలి. మంగళగిరి చీరే తీసుకెళ్ళు.

హైదరాబాద్‌లో ఉండే బెజవాడ అమ్మాయిని:

అన్నా, మీ మేనకోడలికి ఫోన్ చేయండి. పెద్దవాళ్ళందరూ ఎవరి మర్యాద వాళ్ళు చూసుకుంటుంటే ఇంట్లో జరిగేదంతా చూస్తూ ఉండేది ఆ అమ్మాయే. మా నాన్న పోయినప్పుడు మామయ్యలు ఎవరైనా నన్ను అడుగుతారేమో అని ఎదురుచూశాను. అమ్మకి ఏం కావాలో నాకు తెలుసు. ఎవరూ అడగలేదు. పెళ్ళిలో బుట్ట సంగతి ఆ అమ్మాయికీ ఉంటుంది మనసులో. మీరు ఫోన్ చేస్తే కోప్పడొచ్చు. కోప్పడనివ్వండి.

గుంటూరు తమ్ముడు:

అందరికీ దండాలు. మూడో వంతు లెక్క అమ్మకి చదివి వినిపించాను. "నాకెందుకురా స్థలం" అంది ముందు. కాసేపాగి "ఉంటే ఉండనీ, నా మాటకి బలం ఉంటుంది" అంది.

మేనకోడలికి ఫోన్ చేశాను. ఎత్తగానే "ఇప్పుడు గుర్తొచ్చామా మామయ్యా?" అంది. ఏమీ అనలేదు నేను. చాలాసేపు ఏడ్చింది. తర్వాత తనే చెప్పింది. వాళ్ళ బాబాయి, మేనత్త కలిసి గాజులూ బొట్టూ తంతుకి అంతా సిద్ధం చేస్తున్నారట. అక్క ఎవరితోనూ ఏమీ అనడం లేదట గానీ, రాత్రి కూతురి చెయ్యి పట్టుకుని "నాకు భయంగా ఉందే" అందట. మా అక్క భయమన్న మాట అనగా నేనెప్పుడూ వినలేదు.

రేపు సాయంత్రమే వెళ్తున్నాం.

తెనాలి పిన్ని:

మంచిది నాయనా. అక్కడేమైనా పెడితే వద్దనకుండా తిను. తినకపోతే ఇంకా పగ ఉందనుకుంటారు.

గుంటూరు తమ్ముడు:

నిన్నటితో కర్మలన్నీ అయ్యాయి. ఇన్ని మంచి మాటలు చెప్పారు కాబట్టి ఏమైందో మీకు చెప్పాలి.

ముందుగా వెళ్ళిన సాయంత్రం అక్క లోపలి గదిలో చాప మీద ఉంది. నాతో మాట్లాడలేదు. మా ఆవిడతో మాత్రం "పిల్లలు ఏం చదువుతున్నారు?" అని అడిగింది. నేను మేనల్లుడి దగ్గర కూర్చుని వంటవాళ్ళ బేరం, టెంటు, సీతానగరం రేవుకి ఎన్ని కార్లు కావాలి అన్నవి చూశాను. అది నాకు చేతనైన పని. అప్పుడు బావ తమ్ముడు వచ్చి కూర్చున్నాడు. ఇంక ఆలస్యం చేయకుండా అడిగేశాను.

"బావగారూ, పుట్టింటి తరఫున ఒక మాట. కర్మ మీ పద్ధతి ప్రకారమే చేయండి, ఏ ఖర్చులో భాగం వెయ్యమన్నా వేస్తాను. మా అక్కకి గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం మాత్రం వద్దు" అన్నాను.

"ఇన్నాళ్ళూ లేని పుట్టిల్లు ఇవాళ వచ్చిందా?" అన్నాడు. ఆ మాట పడతానని తెలిసే వెళ్ళాను. "ఇన్నాళ్ళ సంగతి నన్ను ఎంతైనా అనండి. ఇది మాత్రం వినండి" అన్నాను. మేనత్త కూడా గొంతు పెంచింది. వంశానికి అరిష్టం అంది. అప్పుడు మా అమ్మ గడప దగ్గరికి వచ్చింది. అమ్మ నలుగురిలో మాట్లాడే మనిషి కాదు. "నాకు జరిగింది చాలు. నా కూతురికి వద్దు" అంది, అంతే. బావ వాళ్ళ పెదనాన్న భార్య, తొంభై దాటిన మనిషి, మంచం మీద నుంచే "దాని ఇష్టం ఏంటో దాన్ని అడగండర్రా" అంది. మేనకోడలు లోపలికి వెళ్ళి అడిగి వచ్చింది. అక్క వద్దందట.

బావ తమ్ముడు ఆ రాత్రంతా నాతో మాట్లాడలేదు. పదో రోజు రేవు దగ్గర ధర్మోదకాలు వదిలేటప్పుడు "తువ్వాలు తెచ్చుకున్నావా?" అని అడిగాడు.

చీర మంగళగిరిలో దారిలో ఆగి కొన్నాం. ముదురు ఆకుపచ్చ, జరీ అంచు. తాంబూలం పళ్ళెంలో పెట్టి అమ్మ ఒక పక్క, నేనొక పక్క పట్టుకుని ఇచ్చాం. అక్క తీసుకుంది. తల ఎత్తకుండానే చుట్టాలందరూ వింటుండగా అడిగింది. "ప్లాట్ల గురించి మాట్లాడటానికి వచ్చావా?"

మంగళగిరి పెద్దాయన గారూ, మీ మాట కాపాడింది. "కాదక్కా. మూడో వంతు నీది, అమ్మది ఒక వంతు, నాదొక వంతు. కౌలు డబ్బు కూడా అంతే. నువ్వు ఎప్పుడు రమ్మంటే అప్పుడు వచ్చి రాసుకుందాం. ఇవాళ బావ కోసం వచ్చాను" అన్నాను. ఏమీ అనలేదు. స్నానం చేసి ఆ చీరే కట్టుకుంది. నుదుట చిన్న బొట్టు ఉంది, చేతికి గాజులు ఉన్నాయి. ఇద్దరు ముగ్గురు ముఖాలు చిట్లించారు. నేను చూసుకుంటూనే ఉన్నాను, ఎవరూ పైకి అనలేదు.

భోజనాలయ్యాక వంటపాత్రల దగ్గర నేను లెక్క చూస్తుంటే వచ్చింది. "పిల్ల పెళ్ళికి బుట్ట నువ్వు పట్టాల్సిందిరా" అంది. "శుభలేఖ మీద నా పేరు లేదక్కా" అన్నాను. "రాయొద్దన్నది మీ బావ కాదు, నేనే. ఆయన రాయమనే అన్నాడు" అంది. ఆ మాట వినగానే నాకు బావ స్కూటర్ గుర్తొచ్చి ఇక నిలబడలేకపోయాను. ఇద్దరం అక్కడే ఏడ్చాం. అయితే అంతా సర్దుకుందని అనుకోవద్దు. మా బాబాయి అన్న మాటలు ఒక్కటీ మరిచిపోలేదు, అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. "ఆయన్ని అలా అంటుంటే నువ్వు తల వంచుకుని కూర్చున్నావు" అంది. అప్పుడు నాన్న పోయిన ఇల్లు, ఎవరికి ఎదురు చెప్పాలో తెలియని రోజులు అని చెప్పాను. విన్నది. ఒప్పుకుందో లేదో తెలియదు.

బ్రాడీపేట టీచరమ్మ:

చదువుతుంటే కళ్ళు నిండాయి తమ్ముడూ. మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పు. పుట్టింటి నిద్రకి మీ ఇంటికి వచ్చిందా?

గుంటూరు తమ్ముడు:

రాలేదండీ. అడిగాను. గుంటూరు ఇంటికి ఇంకా రాలేనంది. "అమ్మ ఎక్కడుంటే అదే పుట్టిల్లు, అమ్మని ఇక్కడ ఉంచి వెళ్ళు" అంది. అమ్మ అక్కడే ఉంది. నేను బలవంతం చేయలేదు.

షెడ్డులో రావాల్సిన బాకీలు, జీఎస్టీ కాగితాలు బావ ఒక్కడికే తెలుసు. మేనల్లుడికి ఏదీ అర్థం కావడం లేదట. నిన్న రాత్రి ఫోన్ చేసి "మామయ్యా, లెక్కలు ఒకసారి చూస్తారా? అమ్మే అడగమంది" అన్నాడు. అమ్మ బీపీ మాత్రలు కూడా ఇక్కడే ఉండిపోయాయి. ఆదివారం అవి తీసుకుని పొద్దున్నే ఆటోనగర్ వెళ్తున్నాను.